ఒక్క మొగులు కింద రెండు లెక్కలు

(మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ వాతావరణం గురించి మాట్లాడమన్నారు. ఏసీ హాల్లో కూర్చొని ఎండా వానా గురించి మాట్లాడటం మాకు కొత్తే. కానీ మీలో చాలామంది రైతుబిడ్డలు, అందుకే వచ్చాం.

ఈ నగరం దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఇది సగటు లెక్క. సగటు మీద సేద్యం నడవదు.

మా కాలం కార్తెలతో నడుస్తుంది. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ. జూన్ 8 నాటికి మృగశిర వస్తుంది. తొలకరి పడి దుక్కి పదునైతే పత్తి, కంది పెడతాం. ఇక్కడే జూదం. గింజ పెట్టాక ఇరవై రోజులు వాన మొఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ అప్పు. అవే ఇరవై రోజులు నగరంలో ట్రాఫిక్ సాఫీగా నడిచిన రోజులు. మార్చి, ఏప్రిల్‌లో సాయంత్రం రాళ్లవాన పడితే ఇక్కడ చల్లబడిందని సంతోషం, చేవెళ్ల, వికారాబాద్ దిక్కు మామిడికాయ నేల రాలుతుంది, యాసంగి వడ్లు చేనులోనే రాలిపోతాయి. మీ సంతోషాన్ని మేము తప్పు పట్టడం లేదు. వార్తల్లో రెండో సగం కూడా రావాలంటున్నాం.

2020 అక్టోబరు మీకు గుర్తుండే ఉంటుంది. 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా పడమటికి పోయింది. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన, అంటే ఏడాది వానలో ఐదింట రెండు వంతులు! నగరంలో ముంపు ఇళ్లకు ప్రభుత్వం 10 వేల రూపాయల చొప్పున ప్రకటించింది. ఇవ్వాల్సిందే, కాదనం. అదే వాన పత్తి మీదా పడింది. కాయ పగిలి దూది ఏరే వేళ అది. తడిసిన దూది నల్లబడుతుంది, పడిపోయిన వరి కంకిలోనే మొలకెత్తుతుంది. ఆ ఏడాదే రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చింది. ఆ పథకం గొప్పదని మేము ఏనాడూ అనలేదు. కానీ ఉన్నది తీసేసి, పంట నష్టానికి మరో బీమా పెట్టలేదు.

ఇక వాన నీళ్లు ఎటు పోతాయన్నది చూద్దాం. ఇది రాతినేల. మట్టి ఉన్నకాడ ఇంకుతుంది, కుంట ఉన్నకాడ ఆగుతుంది, రెండూ లేకుంటే రోడ్డెక్కుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టుపక్కల గుట్టలు, బండలు, కుంటలు. ఇప్పుడు సిమెంటు. పగలు తాగిన ఎండను అది రాత్రంతా కక్కుతుంది, వానను మాత్రం చుక్క తాగదు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహా మీద ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిలోకి నీళ్లు చేరే దారులు మూసుకుపోవద్దని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో 69వ నంబరు జీవోతో వాటిని సడలించారు. ఉన్నమాట చెప్పాలి: ఆంక్షలు పోవాలని అడిగిన రైతులూ ఆ ఊళ్లలో ఉన్నారు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇక్కడ టమాటకు కోత కూలి కూడా రాకపోతే ఏ రైతు ఊరుకుంటాడు? ఆ నేల చెలకగా ఉన్నందుకే నగరానికి నీళ్లు చేరుతున్నాయి, వరద తగ్గుతోంది. ఆ పనికి నగరం రైతుకు ఎంత కడుతోంది? ఒక్క రూపాయి లేదు. ఆంక్షలు ఉంచండి, చెలకగా ఉంచిన ప్రతి ఎకరాకు ఏటా పైకం కట్టండి అన్నది మా సంఘం డిమాండ్.

మీతో ఇంకో పని ఉంది. వానాకాలం మబ్బు ఒక ఊరి మీద కురిసి పక్క ఊరిని వదిలేస్తుంది. మండలాల్లో ఆటోమేటిక్ వర్షమాపకాలు ఉన్నాయి, వాటి లెక్కలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటాయి. నష్టపరిహారం అడిగేటప్పుడు ఆ అంకెలే మాకు ఆధారం, కానీ అవి మా చేతికి రావు. రోజూ పొద్దున మా ఊరి దగ్గరి మాపకం లెక్క తెలుగులో మా ఫోన్లకు వచ్చేటట్టు చేయడం మీకు ఎన్ని రోజుల పని? వానకాలం విత్తనాలు పడకముందే అయితే బాగుంటుంది.