సూరత్ బడిలో తెలుగు బిడ్డ

రాత్రి పాళీ ముగించుకుని సాంచాల (మరమగ్గాల) దగ్గర నుంచి నేరుగా ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, గోడాదరా, పర్వత్ పాటియాల్లో తరాలుగా ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషులతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతోంది. ఒక్క నగరం ఏడు మాధ్యమాల్లో చదువు చెప్పడం గొప్ప సంగతి. అందుకు మనం రుణపడి ఉన్నాం.

చిక్కంతా మాధ్యమం తెలుగు నుంచి గుజరాతీకి మారినప్పుడు మొదలవుతుంది. ఇంట్లో చీటీ డబ్బుల లెక్క నోటితో చెప్పే పిల్ల కొత్త బడిలో ప్రశ్నే చదవలేక సున్నా తెచ్చుకుంటుంది. 'డల్' అని పేరు పెట్టి బి సెక్షన్‌కు పంపుతారు. ఆ పరీక్షలో తేలింది ఆమెకు గుజరాతీ ఎంత వచ్చన్నదే. 2023లో గుజరాత్ శాసనసభ 1 నుంచి 8 తరగతుల వరకు అన్ని బడుల్లో గుజరాతీని తప్పనిసరి చేసింది. ఉన్న ఊరి భాష మన పిల్లలు నేర్వాల్సిందే. ఆ ఒక్క భాషలోని వెనకబాటును లెక్కలకూ సైన్సుకూ పులమడం మాత్రం అన్యాయం.

స్థాయిని బట్టి పిల్లల్ని విడదీయడమే తప్పని నేననను. మన పక్కనున్న వడోదరలో 2001–03 మధ్య ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 'బాలసఖి' కార్యక్రమం నడిపింది. వెనకబడిన పదిహేను, ఇరవై మందిని రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి, ఆ పేటకే చెందిన చదువుకున్న అమ్మాయి చదవడం, కూడికలు నేర్పేది. తక్కిన పొద్దంతా వాళ్లు తమ తరగతిలోనే, తమ నేస్తాల మధ్యే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం పరీక్షించి చూస్తే ఆ పిల్లల మార్కులు బాగా పెరిగాయి. సాయం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది కూడా. అంటే ఇది ఒక్క వేసవి శిబిరంతో తీరే పని కాదు.

మన తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కాలేజీల్లో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. ర్యాంకును బట్టి సెక్షను, పై సెక్షనుకే మంచి లెక్చరర్లు. సాయం ఎక్కువ కావలసిన పిల్లకు తక్కువ అందే ఆ పద్ధతిని నేను నిండుసభలో ఖండిస్తున్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సైతం వైకల్యం ఉన్న పిల్లల్నీ లేని పిల్లల్నీ కలిపి చదివించాలనే చెబుతోంది.

ఉపాధ్యాయ మిత్రులారా, కొత్తగా చేరిన బిడ్డను మొదట తెలుగులో అడగండి. పాఠం కోసం రెండు గంటలు విడదీసినా మళ్లీ కలిపి కూర్చోబెట్టండి. గుంపుల్ని తరచూ మార్చండి. రచయితలారా, సాంచా, బాబిన్, బీము అనే మగ్గం మాటల మధ్య పెరిగే పిల్లలకు ఆ మాటలతోనే చిన్నచిన్న వాచకాలు రాయండి, ఒక్కో స్థాయికి ఒక్కొక్కటి. వాటి అచ్చు ఖర్చు భరిస్తామని ఈ సభ ఇవాళే తీర్మానించాలని కోరుతున్నాను.