పరీక్షా గ్రంథము – ప్రియ గ్రంథము
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునందు దాతలను స్మరించుట, గ్రంథముల సంఖ్యను చదివి వినిపించుట, భవన నిర్మాణ కథను చెప్పుకొనుట ఆచారము. అవి యన్నియు చెప్పుకొనదగినవే. కాని ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము ఎదుట మరియొక ప్రశ్న నిలిచియున్నది. రాబోవు ఇరువదియైదేండ్లు ఈ బీరువాల తాళపుచెవులు ఎవరి చేతిలో నుండవలెను? ఆ చేయి యెట్టి చదువు చదివిన చేయి కావలెను?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పల్లెలలో చదువుకొన్న యువతీ యువకులకు గ్రంథాలయ శాస్త్రము ఒక జీవనోపాధి మార్గము. కొన్ని నెలల ధ్రువపత్ర శిక్షణ కలదు. పట్టభద్రులకు ఒక సంవత్సరపు పాఠ్యక్రమము కలదు. ఇంటిపట్టుననే యుండి చదువుటకు దూరవిద్య కలదు. వర్గీకరణము, సూచీకరణము, గ్రంథాలయ నిర్వహణము, విషయ సేవ, కంప్యూటరు మున్నగునవి అందలి పాఠ్యాంశములు. ఇందు చేరువారిలో పెక్కుమంది పుస్తకములపై మక్కువచేతనే చేరుదురు. విచిత్రమేమనగా, చేరిన పిమ్మట వారికి పుస్తకము చదువుటకే తీరిక దొరకదు. పుస్తకము యొక్క కొలతలు, సంఖ్యలు, శీర్షికలు, ముద్రణ సంవత్సరములు వ్రాసి వ్రాసి, రాత్రికి కన్నులు మూతపడును. ఒకప్పుడు దిండు క్రింద నుండిన కావ్యము అటకయెక్కును. "పరీక్ష కానిండు, తరువాత చదువుకొందము" అని మనసునకు సమాధానము చెప్పుకొందురు. పరీక్ష ముగియును, ఉద్యోగము వచ్చును, దస్త్రములు వచ్చును. ఆ 'తరువాత' మాత్రము రాదు.

ఇది ఒక విద్యార్థి సొంత బాధయే యని తోసివేయరాదు. దీని ఫలితమును అనుభవించువారు పాఠకులు. దానిని మన ప్రాంతపు గ్రంథములతోనే నిరూపింపవచ్చును.

గడియారము వేంకట శేషశాస్త్రిగారు నెమళ్ళదిన్నెలో పుట్టి ప్రొద్దుటూరును తమ కార్యక్షేత్రముగా చేసికొన్న మహాకవి. వారి 'శివభారతము' పేరు వినని పాఠకులు ఈ సీమలో అరుదు. ఆ గ్రంథమును ఎన్నడును తెరచి చూడని గ్రంథపాలకుడు ఏమి చేయును? 'శివ' యనియు 'భారత' మనియు ఉన్నది గదా యని దానిని పురాణముల ప్రక్కన చేర్చును. అందున్నది ఛత్రపతి శివాజీ కథ. దుర్భాక రాజశేఖర శతావధానిగారు 1888లో జమ్మలమడుగులో జన్మించినవారు. వారి గ్రంథము పేరు 'రాణాప్రతాపసింహ చరిత్ర'. పేరులో చరిత్ర యున్నది కావున అది చరిత్ర బీరువాలోనికి పోవును. అది పద్యకావ్యము. పుట్టపర్తి నారాయణాచార్యులవారి 'పెనుగొండ లక్ష్మి' దేవతాస్తోత్రమని కొందరు తలంపవచ్చును. అది విజయనగర ప్రభువుల పెనుగొండ వైభవమును, దాని శైథిల్యమును తలంచి కుమిలిన బాలకవి హృదయము. మూడు పుస్తకములును గ్రంథాలయములో ఉన్నట్లే యుండును; వెదకినవానికి మాత్రము దొరకవు. పట్టికలో లెక్క సరిపోవును, పాఠకుడు రిక్తహస్తములతో ఇంటికి పోవును.

అట్లని చదువరితనమొక్కటియే చాలునా? చాలదు. పులివెందుల వైపు రైతు ఒకడు చీనీతోట తెగులునకు మందు చెప్పు పుస్తకము కావలెనని వచ్చెననుకొందము. గ్రంథపాలకుడు ప్రబంధములన్నియు కంఠస్థము చేసినవాడే కావచ్చును. ఆ రైతునకు మనుచరిత్రము వలన ప్రయోజనమేమి? డ్యూయీ దశాంశ పద్ధతిలో పండ్లతోటల పెంపకమునకు 634 అను సంఖ్య యున్నదని యెరిగి, ఆ వరుసకు నేరుగా నడచి, క్షణములో పుస్తకము తీసి యిచ్చువాడే అప్పుడు ఉపకారి. తాను చదువని శాస్త్రములలో సైతము ఇతరులకు దారి చూపగల శక్తిని పాఠ్యక్రమము ప్రసాదించును. ప్రియపఠనము ఆ పని చేయలేదు. ఒక మనిషి తన ఆయుర్దాయములో చదువగలిగినవి బహు స్వల్పము.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. వర్తకుని యొద్ద త్రాసును ఉండును, ఒరగల్లును ఉండును. త్రాసు బరువు చెప్పును, వన్నె చెప్పలేదు. ఒరగల్లు వన్నె చెప్పును, బరువు చెప్పలేదు. ఒకదానిని నమ్మి రెండవదానిని పారవేసిన వర్తకుడు అంగడి మూసికొనవలసినదే. వర్గీకరణ శాస్త్రము గ్రంథపాలకునకు త్రాసు. ఇష్టముతో చేసిన పఠనము ఒరగల్లు.

ఈ రెంటి పొత్తును గూర్చి పెద్దల జీవితములలో నిదర్శనములు కలవు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో కంపెనీ ఉద్యోగియై మద్రాసు చేరెను. కోట కళాశాలలో ఆయన తెలుగు నేర్చినది పరీక్షకొరకే. దేశభాషలలో ఉత్తీర్ణులు కానివారికి ఉద్యోగము సాగదు. 1820లో ఆయన కడపకు వచ్చెను. పరీక్ష ఇచ్చిన తెలుగు కచేరీ వ్యవహారములకు చాలును. అంతటితో తృప్తిపడియుండిన యెడల ఆయన పేరు ఈనాడు ఎవరికిని తెలిసియుండదు. ఆయన వేమన పద్యముల రుచి మరిగెను, వ్రాతప్రతులు సేకరించెను, కడపలో బంగళా కొని, పండితులను నియమించి, సొంత ధనముతో కావ్యములను పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. ఆయన నివసించిన తావున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికచే వెలసిన గ్రంథాలయము నేడు యోగివేమన విశ్వవిద్యాలయము ఆధీనములో పరిశోధన కేంద్రమై యున్నది. పరీక్ష ఆయనకు భాష యను ద్వారమును తెరచినది. ఇష్టము ఆయనను లోపలికి తీసికొనిపోయినది. ద్వారము తెరువనిదే లోపలికి పోవుట లేదు, వాకిటనే నిలిచిపోయినవానికి ఇల్లు దక్కుట లేదు.

గ్రంథాలయ శాస్త్రమునకు మన దేశమున మూలపురుషుడైన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు మొదట గణితోపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నియమితులైరి. తొలిదినములలో ఆ కొలువు వారికి రుచింపలేదు. మరల తరగతికి పంపుడని వేడుకొనిరి. ఇంగ్లండు పోయి, లండనులో పాఠములు వినుటతో సరిపెట్టుకొనక, వందకు పైగా గ్రంథాలయములను తిరిగి చూచి, ప్రజలు పుస్తకములను వాడుకొను విధము కన్నులార కాంచిన పిమ్మట వారి మనసు మారినది. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘము పక్షమున వేసవి శిక్షణ తరగతులు ప్రారంభమైనవి. 1931లో వారి పంచ సూత్రముల గ్రంథము వెలువడినది. ప్రతి పాఠకునకు తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడు దొరకవలెనను భావము అందలి ప్రాణము. ఇట పుస్తకమును, పాఠకుని ఒకచోట చేర్చు పెండ్లిపెద్ద గ్రంథపాలకుడు. ఇరుపక్షముల నెరుగని పెద్ద సంబంధము కుదుర్చుట యెట్లు?

పాఠ్యక్రమమును కేవలము తృణీకరించినవారికి కలుగు చిక్కును కూడ చెప్పవలెను. పుట్టపర్తివారు పెనుగొండ లక్ష్మిని బాల్యముననే రచించిరి. పిమ్మట వారు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథముగా నుండెననియు, ఉత్సాహముతో ఒకే ప్రశ్నకు నలువది పుటల సమాధానము వ్రాయగా, తక్కిన ప్రశ్నలకు కాలము చాలక ఉత్తీర్ణులు కాలేదనియు ప్రొద్దుటూరు పెద్దలు నేటికిని చెప్పుకొందురు. అంతటివారికి ఆ తప్పు మచ్చ కాలేదు. తరువాత వారు శివతాండవ కర్తలుగా వాసికెక్కిరి. కాని అందరును పుట్టపర్తివారు కారు. ధ్రువపత్రము లేనిదే నియామకము లేదు. ప్రియగ్రంథమునకు పొంగిపోయి ప్రశ్నపత్రమును మరచిన విద్యార్థికి ఇంటిలో ఎదురుచూచు తల్లిదండ్రులున్నారు.

ఇక ఆచరణలో పొత్తు కుదురుట యెట్లు? జమాఖర్చుల వలె చూచిన యెడల మార్గము కష్టమైనది కాదు. దినమునకు పది పుటల వంతున చదివినచో నెలకు మూడువందల పుటలు, సంవత్సరమునకు మూడువేల ఆరువందల పుటలు. మూడువందల పుటల గ్రంథములు పండ్రెండు! శిక్షణ సంవత్సరము ముగియునాటికి పండ్రెండు మంచి గ్రంథములు చేతికి వచ్చును. పది పుటలకు అరగంట చాలును. పల్లెనుండి ప్రొద్దుటూరికో జమ్మలమడుగుకో పోవు బస్సులోనే ఆ అరగంట దొరకును. అయితే ఈ పది పుటలలో పరీక్షకు పనికివచ్చునది ఒక్కటియు ఉండరాదు. వానిపై గుర్తులు పెట్టరాదు, సారాంశము వ్రాయరాదు. అవి కేవలము సంతోషముకొరకు.

రెండవ మార్గము ఇంకను లాభకరము. ప్రియగ్రంథమునే అభ్యాసమునకు తీసికొనవచ్చును. వర్గీకరణ పాఠమున డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు 894.827 అనియు, పురాణాది హిందూమత గ్రంథములకు 294.5 అనియు సంఖ్యలు నేర్పుదురు. ఆ సంఖ్యలను ఎరువు దెచ్చిన ఆంగ్ల పుస్తకముల పేర్లపై అభ్యసించుట నిస్సారము. పోతన భాగవతమును చేతబట్టి, ఇది మతమా, కావ్యమా యని తర్కింపవలెను. పింగళి సూరన కళాపూర్ణోదయమును గైకొని, రూపముచే పద్యమైనను, మంచి కథ కావలెనని వచ్చిన పాఠకునకు దీనిని చూపుట యెట్లని యోచింపవలెను. సూచీకరణ పాఠమున 'గడియారము' అనునది ఇంటిపేరని యెరిగి, శేషశాస్త్రిగారిని ఆ పేరు క్రిందనే చేర్చవలెను. ఇట్లు చదివినవానికి సూత్రము మరపురాదు. పాఠమునకు ప్రాణము వచ్చును, ప్రాణమైన పుస్తకమునకు క్రమము వచ్చును.

ఈ విషయమున గ్రామస్థులకును బాధ్యత కలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము జిల్లా గ్రంథాలయ సంస్థలను, ఇంటిపన్నుపై గ్రంథాలయ రుసుమును ఏర్పరచినది. చట్టము ధనమును సమకూర్చగలదు, అభిరుచిని సమకూర్పలేదు. శిక్షణ పొందుచున్న పిల్లవాడు గ్రంథాలయపు బల్లయొద్ద కథల పుస్తకము చదువుచుండిన, "పని మాని కూర్చున్నా" డని గద్దింపరాదు. చదువుకొనుచున్న ఆడుబిడ్డ చేత పరీక్షకు సంబంధింపని పుస్తకము కనిపించిన, లాగివేయరాదు. అది ఆమె పనిలో భాగము. గ్రంథాలయ సంఘమువారు ఇట్టి అభ్యర్థులకు ఈ బీరువాలనే అభ్యాసశాలగా ఒసగి, క్రొత్త గ్రంథములకు సంఖ్యలు వేయుట, పట్టిక వ్రాయుట వారిచే చేయించినచో, గ్రంథాలయమునకు క్రమమును, వారికి అనుభవమును ఒక్కసారిగా చేకూరును. పాఠకులు సైతము పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు "బాగున్న" దని మాత్రమే చెప్పి పోక, ఎందుచే బాగున్నదో రెండు మాటలు చెప్పిన, చదువ తీరికలేని దినములలో వారికది సహాయపఠనమగును.

పుస్తకమును ఎరుగక దానిని కాపాడువాడు కావలివాడు. పుస్తకమును ప్రేమించియు దాని చోటు చెప్పలేనివాడు చుట్టము. ఈ గ్రంథాలయమునకు కావలసినది కావలివాడు కాదు, చుట్టము కాదు, గృహస్థు. ఇంటనున్న వస్తువులన్నియు ఎచ్చట నున్నవో ఎరిగి, వచ్చిన అతిథికి ఏది రుచించునో ఎరిగి, ఆదరముతో వడ్డించువాడు గృహస్థు. అట్టివారు మన పల్లెలనుండియే తయారగుదురు గాక. స్వర్ణోత్సవ దినమున ఈ సంచికను తెరచువారు, ఈ పుటను గ్రంథపాలకుని సహాయము లేకయే కనుగొనుదురు గాక. కనుగొనలేకపోయిన, దానిని చదివియున్న గ్రంథపాలకుడు వారికి తీసి యిచ్చును గాక.

స్వస్తి.