వేలంలో మీ రేటు ఫిక్స్ చేసేది ఓడిపోయినవాడే! ఆన్‌లైన్ ఆక్షన్‌లో లాభం ఎక్కడ పోతోంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. హన్మకొండ నుంచి ఒక తమ్ముడు రాశాడు. బీటెక్ అయిపోయి ఏడాది దాటింది, జాబ్ రాలేదు. ఇంట్లో అడిగితే అరవై వేలు ఇస్తామన్నారట. "అన్నా, జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి సామాన్లు కొని, ఈబేలో వేలం పెట్టి, డాలర్లలో అమ్ముదామనుకుంటున్నా. ఒక వీడియోలో మూడింతలు వస్తాయన్నారు. చెయ్యొచ్చా?" అని.

అరవై వేలు అంటే ఆ ఇంట్లో చిన్న మొత్తం కాదు. అందుకే ఒక్క ముక్కలో అవును, కాదు అని చెప్పకుండా లెక్క మొత్తం చూద్దాం.

ముందు వేలం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఈబే 1995లో మొదలైంది, అప్పట్లో పేరు ఆక్షన్‌వెబ్. పియరీ ఒమిడియార్ అనే ప్రోగ్రామర్ పెట్టాడు. అందులో అమ్ముడైన మొదటి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి. పాడైనది కూడా అమ్ముడుపోయింది అంటే ఏదైనా అమ్ముడుపోతుంది అని ఈ కథని మోటివేషన్ వీడియోల్లో తెగ వాడేస్తారు. కానీ ఆ పాయింటర్ కొన్నాయన పాడైపోయిన లేజర్ పాయింటర్లే కలెక్ట్ చేస్తాడు. అలాంటి కస్టమర్ మీకు దొరకాలి కదా!

ఇప్పుడు అసలు పాయింట్. ఈబేలో మీరు బిడ్ వేసేటప్పుడు మీ మ్యాగ్జిమమ్ చెప్తారు. సిస్టమ్ మీ తరఫున కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతుంది. ఒకాయన మ్యాగ్జిమమ్ 120 డాలర్లు పెట్టాడు, ఇంకొకాయన 60 పెట్టాడు అనుకోండి. వస్తువు ఎంతకి పోతుంది? 120కి కాదు, 61కి. రెండోవాడి రేటు మీద ఒక మెట్టు, అంతే. అంటే మీ వస్తువు రేటు డిసైడ్ చేసింది గెలిచినవాడు కాదు, ఓడిపోయిన ఆ రెండోవాడు. మరి ఆ వారం రెండోవాడు ఫోన్ చూసుకోలేదనుకోండి? మీరు 99 సెంట్లకి మొదలుపెట్టి ఉంటే, 120 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మనిషికి మీ వస్తువు 99 సెంట్లకే వెళ్ళిపోతుంది. అమ్మను అనడానికి లేదు, అది రూల్.

మన బాలాపూర్ లడ్డూ చూడండి. 1994లో 450 రూపాయలకి పాడారు. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు, 2025లో 35 లక్షలు. ఎందుకు అంత పెరుగుతుంది? లడ్డూ ఒక్కటే ఉంటుంది, ఏడాదికి ఒక్కసారే ఉంటుంది. పాడేవాళ్ళంతా ఒకే చోట, ఒకే టైంలో ఉంటారు, చుట్టూ ఊరంతా చూస్తూ ఉంటుంది, పైగా భక్తి. ఒకటోసారి, రెండోసారి అనగానే పక్కన ఇంకొకాయన చెయ్యి లేస్తుంది. ఇప్పుడు మీ ఇత్తడి దీపం లిస్టింగ్ తీసుకోండి. అలాంటివే ఇంకో వంద లిస్టింగ్‌లు, ఏడు రోజుల టైం, ఎవడు ఎప్పుడు చూస్తాడో తెలీదు, ఓడిపోతే పరువు పోయేదీ లేదు. రెండూ వేలంపాటలే, కానీ రెండోదాంట్లో రెండో మనిషి లేడు.

"అన్నా, ఆ రెండోవాడిగా మా ఫ్రెండ్ అకౌంట్ పెడితే?" అని అడిగేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. దాన్ని షిల్ బిడ్డింగ్ అంటారు. 2000లో రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే పెయింటర్ వేసిన బొమ్మలా అనిపించే ఒక పెయింటింగ్ ఈబేలో 1,35,805 డాలర్ల దాకా వెళ్ళింది. అమ్మినవాడే వేరే పేరుతో బిడ్ వేసుకున్నాడని తేలింది. సేల్ క్యాన్సిల్, ఆ తర్వాత ఫెడరల్ కేసు. కాబట్టి ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మా పెద్దమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు. వీకెండ్ గరాజ్ సేల్స్ తిరిగి పాత ఫిల్మ్ కెమెరాలు కొని, ఈబేలో పెడతాడు. నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసి వచ్చినవాణ్ణి కదా, ఎక్సెల్ షీట్ లేకపోతే నిద్ర పట్టదు. వాడితో కూర్చుని ఒక కెమెరాకి వీడియో కాల్‌లో లెక్క వేశాం.

కొన్నది 40 డాలర్లకి. వేలంలో 70కి పోయింది. "ముప్పై డాలర్ల లాభం అన్నయ్యా, సూపర్" అన్నా. వాడు నవ్వాడు. షిప్పింగ్ కింద కస్టమర్ దగ్గర ఇంకో 12 తీసుకున్నాడు. మొత్తం 82. కొన్నాయనది కూడా టెక్సాసే, అక్కడ సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం వరకు ఉంటుంది, అది కలిపితే కస్టమర్ కట్టింది 88.77. ఈ ట్యాక్స్ డబ్బులు మా అన్నయ్యకి రావు, ప్రభుత్వానికి పోతాయి. కానీ ఈబే ఫీజు దేని మీద అనుకుంటున్నారు? 70 మీద కాదు. షిప్పింగ్, ట్యాక్స్ అన్నీ కలిపిన 88.77 మీద. ఎక్కువ కేటగిరీల్లో అది 13 శాతం పైచిలుకు, దానికి తోడు ఆర్డర్‌కి కొన్ని సెంట్లు. సుమారు 12 డాలర్లు పోయాయి. తన చేతికి రాని డబ్బు మీద కూడా కమీషన్ కట్టాడన్నమాట. ఇది రూల్స్‌లో క్లియర్‌గానే ఉంటుంది, ఎవరూ దాచలేదు. చదివేవాళ్ళే తక్కువ.

82లో 12 పోతే 70. పోస్టల్ లేబుల్ నిజంగా అయ్యింది 14. డబ్బా, బబుల్ రాప్ 2. మిగిలింది 54. కొన్నది 40. లాభం 14 డాలర్లు.

సరే, 14 డాలర్లంటే మన రూపాయల్లో బానే ఉంది కదా అంటారు. టైం చూడండి. కెమెరా తుడవడం, షట్టర్ పనిచేస్తోందో లేదో చెక్ చెయ్యడం, పది పన్నెండు ఫోటోలు, డిస్క్రిప్షన్, "లెన్స్‌లో ఫంగస్ ఉందా" అని అడిగేవాళ్ళకి రిప్లై, ప్యాకింగ్, పోస్టాఫీసు. మూడు గంటలు. గంటకి ఐదు డాలర్లు కూడా పడలేదు. టెక్సాస్‌లో కనీస వేతనమే గంటకి 7.25. గరాజ్ సేల్స్ చుట్టూ తిరిగిన పెట్రోల్ ఇంకా కలపలేదు.

దీంట్లో ఒక్కటి రిటర్న్ వచ్చిందా, నాలుగు కెమెరాల లాభం పోతుంది. "మీరు చెప్పినట్టు లేదు" అని కస్టమర్ కేసు పెట్టి అది నిలబడితే, డబ్బులు వెనక్కి ఇవ్వాలి, రిటర్న్ షిప్పింగ్ కూడా అమ్మినవాడిదే. మరి వాడు ఎందుకు చేస్తున్నాడు? వాడికి కెమెరాలంటే పిచ్చి. గరాజ్ సేల్‌లో టేబుల్ కింద డబ్బాలో ఉన్న లెన్స్ చూడగానే అదేంటో గుర్తుపడతాడు. ఐదు డాలర్లకి కొన్న లెన్స్ 150కి పోయిన రోజులు ఉన్నాయి. ఆ ఒక్క లెన్స్ పది కెమెరాల లెక్క సరిచేస్తుంది. అంటే వాడి లాభం వేలంలో రాలేదు, కొనేటప్పుడే వచ్చేసింది. వేలం దాన్ని క్యాష్ చేసి పెట్టింది, అంతే.

(అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు ఇది విని రేపే మొదలుపెట్టకండి. మీ పాత మానిటర్ అమ్ముకోవడం వేరు, లాభం కోసం కొని అమ్మడం వేరు. రెండోది సొంత వ్యాపారం కిందకి వస్తుంది, పర్మిషన్ లేకుండా చేస్తే వీసాకే ఎసరు. లాయర్‌ని అడగండి, యూట్యూబ్‌ని కాదు. నన్ను కూడా కాదు.)

ఇంకో రకం ఉంది, వేలంలోనే కొని వేలంలోనే అమ్మడం. రిటర్న్ స్టాక్ లాట్లు, స్టోరేజ్ లాట్లు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మీరు ఆ లాట్ గెలిచారంటే అర్థం ఏంటి? అక్కడ ఉన్న అందరికంటే మీరే దానికి ఎక్కువ విలువ కట్టారని. అది తెలిసినవాళ్ళంతా మీకంటే తక్కువ దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు మీరు దాన్ని తిరిగి అమ్మాల్సింది ఎవరికి? ఆ ఆగిపోయినవాళ్ళకే! దీన్ని విన్నర్స్ కర్స్ అంటారు, గెలిచినవాడికి తగిలే శాపం. 1971లో దీన్ని పేపర్‌గా రాసింది ఎకనామిస్టులు కాదు, ఆయిల్ కంపెనీ ఇంజనీర్లు. ఆయిల్ బావుల వేలాల్లో గెలిచిన కంపెనీలకి అనుకున్నంత లాభం ఎందుకు రావట్లేదో లెక్కలేస్తే ఇది బయటపడింది.

చివరి నిమిషం బిడ్ల గురించి కూడా రెండు ముక్కలు. ఈబే వేలం టైం అయిపోగానే ఆగిపోతుంది, కాబట్టి తెలివైనవాళ్ళు చివరి పది సెకన్లలో బిడ్ వేస్తారు. స్నైపింగ్ అంటారు. 2002లో ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ దీని మీద పేపర్ రాశారు. అప్పట్లో అమెజాన్‌కి కూడా వేలాలు ఉండేవి. అక్కడ చివర్లో బిడ్ పడితే టైం పెరిగేది, అందుకని చివరి క్షణం బిడ్లు తక్కువ. కొనేవాడికి స్నైపింగ్ మంచిదే. అమ్మేవాడికి? మళ్ళీ మన రెండోవాడే. వాడికి ఇంకో ఐదు డాలర్లు పెంచే టైమే దొరకలేదు.

ఇవన్నీ చూశాక జనం మెల్లగా వేలం వదిలేశారు. ఈబేలోనే మొదట్లో దాదాపు అన్నీ వేలాలే, ఇప్పుడు ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ రేటు లిస్టింగ్‌లే. ఇండియాలో అయితే బాజీ డాట్ కామ్ ఉండేది. 2004లో ఈబే కొనేసింది, 2018లో ఆ ఇండియా సైట్ మూతపడింది. ఇప్పుడు ఇక్కడి నుంచి ఈబేలో అమ్మడం అంటే బయటి దేశాలకి ఎగుమతే.

ఇక మన హన్మకొండ తమ్ముడి విషయం. పెంబర్తి పని గొప్పది, జీఐ ట్యాగ్ ఉంది, దాంట్లో అనుమానం లేదు. కానీ అది వేలానికి సరిపోయే సరుకు కాదు. ఈ వారం మిస్ అయితే వచ్చే వారం ఇంకొకటి దొరుకుతుందని కొనేవాడికి తెలుసు, ఎవడూ పోటీ పడడు. దానికి ఫిక్స్‌డ్ రేటే పెట్టాలి. రెండోది, ఇత్తడి అంటే బరువు. రెండు కిలోల వస్తువుకి కొన్న రేటు కంటే కొరియర్ ఎక్కువ అవ్వొచ్చు. మూడోది, వ్యాపారంగా ఎగుమతి చెయ్యాలంటే డీజీఎఫ్‌టీ దగ్గర ఐఈసీ నంబర్ తీసుకోవాలి. ఫీజు 500 రూపాయలు, అది పెద్ద కష్టం కాదు. కష్టం ఎక్కడంటే, అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న డ్యూటీ మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. ఆ మూడింతల లాభం వీడియో ఎప్పటిదో ఒకసారి డేట్ చూడు తమ్ముడూ.

"మా నానమ్మ వాళ్ళ పాత ఇత్తడి విగ్రహం ఉంది, అది ఒక్కటే పీస్ కదా, వేలం పెడతా" అంటావేమో. ఆగు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన అలాంటి కళాఖండాలు దేశం దాటించి అమ్మడం నేరం. తాళపత్రాల లాంటి విలువైన రాతప్రతులకి 75 ఏళ్ళే.

వాడికి నేను చెప్పింది ఇది. అరవై వేలు అలాగే ఉంచు. ఈబే యాప్ తీసి సెర్చ్ ఫిల్టర్‌లో "సోల్డ్ ఐటమ్స్" పెట్టు. జనం అడుగుతున్న రేట్లు కాదు, నిజంగా అమ్ముడైన రేట్లు కనిపిస్తాయి. పెంబర్తి వస్తువు లాంటివి ఇరవై చూడు, షిప్పింగ్‌తో సహా నోట్ చేసుకో, మా అన్నయ్య కెమెరా లెక్కలాగే కిందకి దిగు. చివర్లో ఏమైనా మిగిలితే ఒక నాలుగు వేలతో చిన్నవి, అరకిలో లోపువి మూడు కొను. కొత్త అకౌంట్‌కి నెలకి ఇన్నే అమ్మాలని లిమిట్ ఉంటుంది, డబ్బులు కూడా మొదట్లో కొన్నాళ్ళు ఆపి ఇస్తారు. అందుకే అప్పు తెచ్చి మాత్రం వద్దు. వేలమే ట్రై చెయ్యాలనుంటే, ఇంకొకటి దొరకని వస్తువు, రేటు నీకే అంచనా తెలియని వస్తువు పెట్టు, నష్టం రాని రేటు దగ్గర మొదలుపెట్టు, అమెరికాలో ఆదివారం రాత్రికి ముగిసేలా టైం పెట్టు. అంటే మనకి సోమవారం పొద్దున్నే, అలారం పెట్టుకోవాలి.

అన్నట్టు, పాత నాణేల గురించి రోజుకి పది మంది అడుగుతున్నారు. "రెండు రూపాయల బిళ్ళకి ఐదు లక్షలు, ముందు ఫీజు కట్టండి" అని ఎవడైనా ఫోన్ చేస్తే కట్ చెయ్యండి. ఆర్బీఐ పేరు చెప్పి ఇలా ఫీజులు, కమీషన్లు అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆర్బీఐయే హెచ్చరించింది, మాకు వాటితో సంబంధం లేదని. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేస్తా. హన్మకొండ తమ్ముడు ఇరవై వస్తువుల షీట్ పంపిస్తా అన్నాడు, వాడు ఒప్పుకుంటే అది కూడా అందులోనే చూపిస్తా. ఉంటా మరి, బై.