యూరాలజిస్ట్ మగవాళ్ల డాక్టరు మాత్రమే కాదు
(సమాఖ్య వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు ఇప్పుడే విన్నారు. నేను వేరే మాట చెప్తాను. చెప్పడానికి నాకూ సిగ్గే.

రెండేండ్ల కింద మా అత్తమ్మకు మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు, మంట లేదు. వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగింది, ఆగిపోయింది. నెలకు మళ్లీ పడింది. మెడికల్ షాపులో గోలీలు తెచ్చుకుంది. మాకెవ్వరికీ చెప్పలేదు. బట్టలు ఉతికేటప్పుడు నా కంట పడేసరికి నాలుగు నెలలు గడిచినయి. బస్తీ దవాఖానలో పరీక్ష చేసి యూరాలజిస్ట్‌కు చూపించమని రాసిచ్చారు. "అది మగోళ్ల డాక్టరు, నేను రాను" అని మొండికేసింది. అబద్ధమెందుకు, నేనూ అట్లనే అనుకున్న.

బతిమాలి అఫ్జల్‌గంజ్ ఉస్మానియాకు తీసుకపోయినం. సన్న గొట్టంతో లోపల చూస్తే మూత్రసంచిలో గడ్డ ఉంది. తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. లోతుకు పోలేదు కాబట్టి సంచి దక్కింది. ఇప్పటికీ కొన్ని నెలలకోసారి గొట్టం పరీక్షకు పోతున్నం. అందుకే చెప్తున్న, నెత్తురు ఒక్కసారి పడి ఆగినా, నొప్పి లేకున్నా చూపించుకోవాలె.

కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రసంచి ఆడవాళ్లకు లేవా? వాటిలో రాళ్లు, గడ్డలు, అడ్డంకులు, మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్, దగ్గితే తుమ్మితే చీర తడిసే బాధ, ఇవన్నీ యూరాలజిస్ట్ చూస్తారు. (కాన్పుల తర్వాత ఆ బాధ ఎంతమందికి ఉందో చేతులెత్తమని అడగను.) మగవాళ్లకైతే ప్రోస్టేట్ కూడా. షుగరు, బీపీతో కిడ్నీ పని తగ్గితే చూసేది నెఫ్రాలజిస్ట్, ఆయన వేరు. మొదటిసారి మంట వస్తే బస్తీ దవాఖాన చాలు. చలిజ్వరంతో నడుము పక్క నొప్పి వచ్చినా, మూత్రం పూర్తిగా బంద్ అయినా రాత్రయినా సరే పెద్దాసుపత్రికి పోవాలె.

ఉస్మానియాలోనూ పంజాగుట్ట నిమ్స్‌లోనూ యూరాలజీ విభాగం ఉంది. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి, పాత రిపోర్టులు పట్టుకపోండి. ప్రైవేటుకు పోతే బోర్డు మీద ఎం.సీహెచ్. యూరాలజీ లాంటి చదువు ఉందా చూడండి. ఆపరేషన్ అంటే ముందు ఆరోగ్యమిత్రను అడగండి, ఆరోగ్యశ్రీలో ఉంటే అప్పు చేసే పని ఉండదు.

ఇంకొక్కటి. లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో పనిచేసే మన చెల్లెళ్లు పొద్దంతా నీళ్లు తాగరు, పోవడానికి జాగ లేక. నీళ్లు తాగక, ఆపుకొని ఆపుకొని ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటున్నరు. వచ్చే నెల మీటింగ్ ఎజెండాలో ఇది రాయించమని అధ్యక్షురాలిని కోరుతున్న. బాత్రూం లేని దుకాణాలు మీ గల్లీలో ఎన్ని ఉన్నయో ప్రతి సంఘం లెక్క రాసుకొని రండి.