ఒకే తప్పు, రెండు కారణాలు

ఏ ఆచార్యుని పేర ఈ స్మారకోపన్యాస ధర్మనిధి ఏర్పడిందో ఆయన జవాబుపత్రాలను ఎర్రసిరాతో కాక పెన్సిలుతో దిద్దేవారనీ, అభ్యసన శైలుల సిద్ధాంతాన్ని చివరిదాకా సమర్థించారనీ సభలో చాలామందికి తెలుసు. ఆ అలవాటు అనుసరణీయం. ఆ సిద్ధాంతంతోనే ఈ ఉపన్యాసానికి పేచీ.

పిల్లల్లో వైయక్తిక భేదాలుంటాయన్నది బి.ఇడి. తొలి పాఠం గనుక దానిని మళ్ళీ నిరూపించనక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ గడువులోగా సిలబస్ పూర్తిచేయాలని చెబుతూనే, ప్రతి బిడ్డ అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైతే అదనపు బోధన అందించాలని కూడా ఉపాధ్యాయుణ్ణి ఆదేశించింది. ఆ అంచనా దేనిని గురించి అన్నదే వివాదం.

పిల్లల్లో కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారనీ, ఎవరి శైలికి తగ్గట్టు వారికి బోధించాలనీ శైలివాదులు అంటారు. పాష్లర్, మెక్‌డానియల్, రోరర్, బ్యోర్క్ 2008లో ప్రచురించిన సమీక్ష ఈ వాదానికి తగిన పరీక్షను నిర్దేశించింది: శైలినిబట్టి విభజించిన పిల్లలకు బోధన పద్ధతులను యాదృచ్ఛికంగా కేటాయించి, అందరికీ ఒకే పరీక్ష పెట్టినప్పుడు, ఒక శైలివారికి మేలుచేసిన పద్ధతి మరొక శైలివారికి మేలైనది కాకూడదు. ఈ కొలతకు నిలిచే అధ్యయనాలే బహు స్వల్పమనీ, వాటిలోనూ పలు ఫలితాలు సిద్ధాంతానికి ఎదురుతిరిగాయనీ ఆ సమీక్ష తేల్చింది. పిల్లలకు ఇష్టాలుండడం నిజమే కదా అన్న ఆక్షేపణ నిలవదు. ఇష్టం ఉండడం వేరు, దానివల్ల నేర్పు పెరగడం వేరు. పద్యంలో యతి ఎవరికైనా చెవికి పట్టాలి, గోదావరి పారే దారిని ఎవరైనా పటంలో చూడాలి. అక్కడ పద్ధతిని నిర్ణయించేది పాఠ్యాంశమే.

శైలి స్థానంలో స్థాయిని నిలపడం మేలైన మార్గం. వెనకబడిన పిల్లలకు ప్రాథమికాంశాలను విడిగా నేర్పించిన ముంబయి, వడోదరల బాలసఖి కార్యక్రమం వల్ల పరీక్షా ఫలితాలు మెరుగుపడ్డాయని బెనర్జీ, కోల్, డఫ్లో, లిండెన్ 2007లో చూపారు. మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ గ్రామీణ బడులు పాఠాలను మెట్లుగా అమర్చిన అభ్యసన నిచ్చెన, కార్డుల సాయంతో ప్రతి బిడ్డనూ తన మెట్టు నుంచే కదలనిచ్చాయి.

అయితే స్థాయి కూడా సగం సమాధానమే. 52 నుంచి 37 తీసివేయమంటే ఇద్దరు పిల్లలు 25 అని రాశారనుకుందాం. ఒకరు ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు గనుక 7లోంచి 2 తీశారు. మరొకరు అప్పు తెచ్చి 12లోంచి 7 తీశారు గాని, పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచారు. తప్పు ఒకటే, కారణాలు రెండు. అదే 50 నుంచి 37 తీయమంటే మొదటివారు 27 అనీ, రెండోవారు 23 అనీ రాసి దొరికిపోతారు. ఇలాంటి తప్పులకు క్రమం ఉంటుందని బ్రౌన్, బర్టన్ 1978లోనే నిరూపించినా, మన లోపనిర్ధారణ పరీక్షలు, అంటే ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టే పరీక్షలు, చాలావరకు మార్కులు వేసి ఊరుకుంటాయి.

కారణాలను విడదీయగల లెక్కలను ఎంచి, ప్రతి తప్పు జవాబు పక్కన దాని వెనుక ఉన్న ఆలోచననూ, దిద్దుబాటు అభ్యాసాన్నీ చూపే చిన్న పుస్తకాన్ని వక్త ఇప్పుడు తీసివేతలకు కూర్చుతున్నారు. భాగహారం తరువాతి భాగం. 24వ సెక్షన్ కోరిన అంచనా ఉపాధ్యాయుని చేతికి అందవలసింది ఈ రూపంలోనే, ఎందుకంటే తప్పుకు కారణం తెలిసిన రోజునే అదనపు బోధన అదే పాఠాన్ని మళ్ళీ చెప్పడం కాకుండా పోతుంది.