గుండ్రటి తెలుగు అక్షరం: బాలూ తమ్ముడు

బాలూ తమ్ముడు శీర్షికల కోసం తయారైన తెలుగు ఫాంటు. దీన్ని రూపొందించింది ముంబైలోని ఏక్ టైప్ సంస్థ. అక్షరాలు బొద్దుగా, మూలలు నున్నగా, లావుపాటి కుంచెతో దిద్దినట్టు ఉంటాయి. దేవనాగరి, తమిళం, కన్నడం వంటి లిపులకూ బాలూ ఫాంటులున్నాయి. ఇది ఉచితంగా దొరుకుతుంది. దీని తర్వాతి కూర్పు అయిన బాలూ తమ్ముడు 2లో అక్షరం మందం 5 రకాలు.

పిల్లల పుస్తకాల అట్టలకు, మిఠాయి పెట్టెలకు, పుట్టినరోజు ఫ్లెక్సీలకు ఈ రాత నప్పుతుంది. దువ్వూరులో కర్నూలు-కడప రోడ్డు పక్కన దుకాణం బోర్డుకు వాడితే బస్సులోంచి కూడా చదవొచ్చు. చిన్న సైజులో మాత్రం ‘ఘ’, ‘ఝ’ల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ‘స్త్ర’ వంటి జంట ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచాలి. పొడవాటి పేరాలకు, శ్రద్ధాంజలి ప్రకటనలకు మాత్రం ఇది పనికిరాదు.