సౌరదీపమునకు ఎట్టి బ్యాటరీ కొనవలెను?

(హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము తార్నాకలో బస్సు దిగి ఈ ప్రాంగణమునకు వచ్చునపుడు మీలో పలువురు శాలువ కప్పుకొనియే వచ్చితిరి. నగరముననే చలి ఇట్లుండగా ఆదిలాబాదు గూడెములలోను, తూర్పు కనుమలలోని లంబసింగిలోను ఎట్లుండునో చెప్పనక్కరలేదు. అట్టి తావుల సభ్యులు మమ్ము అడుగు ప్రశ్న యొక్కటే: వేసవిలో తెల్లవారువరకు వెలిగిన వీధి సౌరదీపము పుష్యమాసమున నడిరేయికే ఆరిపోవుచున్నదేల?

బ్యాటరీ విద్యుత్తును రసాయనచర్యచే నిలువచేయును. చలిలో ఆ చర్య మందగించును. సీసపు బ్యాటరీ 25 డిగ్రీలవద్ద ఇచ్చు శక్తిలో సుమారు అయిదవ వంతు సున్న డిగ్రీలవద్ద తగ్గును. పైగా శీతకాలమున రాత్రి దీర్ఘము. పొగమంచు వలన పలకకు ఎండయు ఆలస్యముగా అందును.

ఒక లెక్క చూతము. 20 వాట్ల దీపము 12 గంటలు వెలుగుటకు 240 వాట్‌-గంటల శక్తి కావలెను. ఎండలేని రెండు రాత్రులకు 480. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేసిన త్వరగా చెడును; కనుక 960. చలివలని తరుగును కలిపిన 1,200. అనగా 12 వోల్టుల, 100 ఆంపియర్‌-గంటల బ్యాటరీ కావలెను.

లిథియము ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో అయిదింట నాలుగు వంతులు వాడుకొనవచ్చును. చలికి కలుపుకొన్నను 750 వాట్‌-గంటలు చాలును. వెల హెచ్చైనను ఎక్కువకాలము మన్నును. అయితే సున్న డిగ్రీలకు దిగువన దానిని ఛార్జి చేయరాదు. లోపల లిథియము లోహముగా పేరుకొని బ్యాటరీ పాడగును. లడాఖు వంటి ప్రదేశములలో ఇది పెద్ద చిక్కు. మన కొండలలో అరుదైనను, అట్టి చలిలో ఛార్జిని ఆపు రక్షణ అందు కలదాయని అడుగుట మేలు.

చలికి భయపడి ఎండను మరువరాదు. చలి శక్తిని తాత్కాలికముగా తగ్గించును. ఎండ ఆయుష్షునే హరించును. వేడి 10 డిగ్రీలు పెరిగినకొలది సీసపు బ్యాటరీ ఆయువు సుమారు సగమగును. కావున పెట్టెకు నీడ, గాలి యుండవలెను.

తక్కువ ధర పలికినవానికే ఒప్పగించుటకు ముందు మూడు సంగతులు తీర్మానమున వ్రాయించుడు: వాట్‌-గంటలెన్ని? ఎండలేని రాత్రులెన్ని నడచును? పూచీ ఎన్నేండ్లు? స్తంభము నాటుట ఒక్కనాటి పని. ఆ వెలుగును నమ్మి చీకటిలో గడపదాటు తల్లికి, బిడ్డకు తెల్లవారువరకు దీపము నిలుపుట మన బాధ్యత.